జంతువుల తోడుతో థెరపీ: మన టీచర్లకు, ఫిజియోలకు, ఆయాలకు ట్రైనింగ్ ఎలా ఇవ్వాలి

"ఏ జాతి కుక్కను కొనమంటారు?" హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు స్పెషల్ స్కూలో వృద్ధాశ్రమమో నడిపేవాళ్లకు జంతువులతో థెరపీ గురించి చెప్పగానే వాళ్ల నోట వచ్చే మొదటి ప్రశ్న ఇదే. ఇప్పుడే ఏదీ కొనకండి. కుక్క గేటులో అడుగుపెట్టడానికి కనీసం రెండు నెలల ముందు మీ స్టాఫ్‌కు ట్రైనింగ్ మొదలవ్వాలి, అందులో చాలా భాగం కుక్క లేకుండానే జరగాలి. కుక్కకు నేర్పేది కొంతే ఉంటుంది, కూర్చో, ఆగు, వదిలెయ్ లాంటివి. మనుషులకు నేర్పాల్సింది చాలా ఉంది, అందులోనూ అన్నిటికన్నా కష్టమైంది ఒకటుంది: బాగా నడుస్తున్న సెషన్‌ను, పిల్లలు నవ్వుతుండగా, పెద్దసారు చూస్తుండగా, జంతువు ఇబ్బంది పడుతోందని గుర్తుపట్టి సగంలో ఆపేయడం. మిగతావన్నీ పుస్తకం చూసి చెప్పొచ్చు, ఇది మాత్రం చేయించి చేయించి అలవాటు చేయాలి. ఈ గైడ్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి క్లాసు: మూడు పనులను విడదీయడం

కుక్కను తెచ్చి పిల్లల మధ్య వదిలి నాలుగు ఫొటోలు దిగి వాట్సాప్‌లో పెడితే అది థెరపీ అయిపోదు. ఈ రంగంలో అంతర్జాతీయంగా అందరూ చూసే పత్రం ఐఏహెచ్ఏఐఓ అనే సంస్థ (మనుషులు, జంతువుల బంధం మీద పనిచేసే సంస్థల అంతర్జాతీయ సమాఖ్య) 2014లో వేసి 2018లో సవరించిన శ్వేతపత్రం. అందులో ఈ పనులను వేరువేరుగా చెప్పారు. థెరపీ అంటే అర్హత ఉన్న థెరపిస్ట్ తన వృత్తి పరిధిలోనే, ఒక్కో మనిషికి ముందే లక్ష్యం రాసుకుని, మార్పును కొలుచుకుంటూ చేసేది. చదువు కోసం చేసేది టీచరో స్పెషల్ ఎడ్యుకేటరో పాఠానికి ముడిపెట్టి చేసేది. మూడోది పలకరింపు, అంటే వాలంటీర్ తన కుక్కతో వృద్ధాశ్రమానికి వచ్చి కాసేపు కూర్చుని వెళ్లడం. మూడూ మంచివే, కానీ మూడోదాన్ని చేస్తూ మొదటి దాని పేరు చెప్పి ఫీజు తీసుకుంటే అది మోసం. ట్రైనింగ్‌కు వచ్చిన ప్రతి ఒక్కరి చేత, వాళ్ల ఉద్యోగంలో వీటిలో ఏది చేయగలరో ఒక కాగితం మీద రాయించండి. ఆయా రాసేది, ఫిజియో రాసేది ఒకటి కావు, ఆ తేడా మొదటి రోజే అందరికీ తెలిస్తే తర్వాత పేచీలు ఉండవు.

క్లాసులో కథ చెప్పాలంటే బోరిస్ లెవిన్సన్‌ది చెప్పండి. న్యూయార్క్‌లో పిల్లల సైకాలజిస్ట్, ఆయన కుక్క పేరు జింగిల్స్. ఎవరితోనూ కలవని ఒక పిల్లవాడు అనుకున్న టైం కన్నా ముందే రావడం, గదిలో కుక్క ఉండటం, వాడు డాక్టర్‌ను వదిలేసి కుక్కతో దోస్తీ కట్టడం, అట్లా మొదలైంది. 1962లో ఆయన రాసిన వ్యాసంలో కుక్కను తనతోపాటు పనిచేసే థెరపిస్ట్ అన్నాడు, అంతకుముందు సభలో చెప్పినప్పుడు తోటివాళ్లు నవ్వారు కూడా. ఈ కథలో మన స్టాఫ్ గమనించాల్సింది కుక్క గొప్పతనం ఒక్కటే కాదు. ఆ గదిలో చదువుకున్న డాక్టర్ ఒకాయన ఉన్నాడు, వచ్చిన అవకాశాన్ని ఎటు తిప్పాలో ఆయనకు తెలుసు.

ఎవరిని తీసుకోవాలి

కుక్క లేకుండా తన పని చక్కగా చేయగలిగినవాళ్లనే తీసుకోండి. స్పీచ్ థెరపీ సరిగా రానివాళ్లకు పక్కన లాబ్రడార్‌ను కూర్చోబెట్టినా రాదు. స్పెషల్ ఎడ్యుకేటర్లు, స్పీచ్ థెరపిస్టులు అయితే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నడుస్తోందో లేదో చూడండి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో పనిచేసే ఐఈఆర్‌పీలు (ఆ పిల్లలకు చదువు చెప్పే రిసోర్స్ పర్సన్లు) దీనికి బాగా పనికొస్తారు, ఎందుకంటే వాళ్లకు పిల్లలూ తెలుసు, ఆ పిల్లల ఇళ్లూ తెలుసు. వృద్ధాశ్రమాల్లో అయితే నర్సు ఒకరు, రోజంతా పెద్దవాళ్లతో ఉండే కేర్‌టేకర్ ఒకరు కావాలి. సంస్థ నడిపే పెద్దమనిషి కూడా కనీసం రెండు క్లాసులకు కూర్చోవాలి, లేకపోతే తర్వాత "గెస్టులొచ్చిన్రు, కుక్కను తీసుకురా" అని కబురు పెట్టేది ఆయనే.

ఎప్పుడూ ఇద్దరిద్దరిగా తయారు చేయండి. ఒకరు పిల్లవాడిని చూస్తారు, ఒకరు జంతువును చూస్తారు. ఒక్క మనిషే రెండూ చూడగలనంటే నమ్మొద్దు, పిల్లవాడు మొదటిసారి "రా" అన్న క్షణంలో ఎవరి కళ్లైనా పిల్లవాడి మీదికే పోతాయి, సరిగ్గా అప్పుడే వాడి చెయ్యి కుక్క చెవిని పట్టుకుని ఉంటుంది. జంతువును చూసే మనిషిని హ్యాండ్లర్ అంటాం, ఆ పనికి డిగ్రీ అక్కర్లేదు. ఇంట్లో బర్రెలో మేకలో ఉన్న ఆయాలు ఇందులో డిగ్రీలున్నవాళ్ల కన్నా ముందుంటారు, జీవం ఎప్పుడు తిక్కగా ఉందో వాళ్లకు చెప్పక్కర్లేదు.

కుక్కంటే భయం ఉన్న స్టాఫ్‌ను బలవంతపెట్టకండి. చిన్నప్పుడు కరిపించుకుని బొడ్డు చుట్టూ సూదులు వేయించుకున్నవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు, ఆ భయం ఊరికే పోదు. వాళ్లను రికార్డు రాసే పనికి, తల్లిదండ్రులతో మాట్లాడే పనికి పెట్టండి. నిజానికి భయపడే తల్లికి భయం తెలిసిన మేడం చెబితేనే నమ్మకం కుదురుతుంది.

కుక్క లేని క్లాసులు

ఇక్కడే ఎక్కువ టైం పెట్టాలి. మొదట ఫోన్‌లో తీసిన కుక్కల వీడియోలను సౌండ్ తీసేసి, వేగం తగ్గించి చూపించండి. ప్రతి వీడియోకు ఒక్కటే ప్రశ్న: ఈ కుక్క ఇక్కడ ఉండాలనుకుంటోందా, వెళ్లిపోవాలనుకుంటోందా? మొదట్లో అందరూ తోక మీదే చూపు పెడతారు, ఊపుతోంది కాబట్టి సంతోషంగా ఉందంటారు. తోక బిగబట్టి పైకి పెట్టి చకచకా ఊపే కుక్క సంతోషంగా ఉండాలని లేదు, అది ఉద్రేకంలో ఉందని మాత్రమే దాని అర్థం. నిద్ర రాకుండా ఆవలించడం, తిండి లేకుండానే పెదాలు నాకడం, మొహం పక్కకు తిప్పుకోవడం, తల అటు తిప్పి కన్ను మాత్రం ఇటే పెట్టడం వల్ల కంటి తెల్లగుడ్డు కనిపించడం, చెవులు వెనక్కి అంటుకుపోవడం, ఎండ లేకపోయినా ఒగర్చడం, తడవకపోయినా ఒళ్లు దులుపుకోవడం, ముందుకాలు ఒకటి ఎత్తి పట్టుకోవడం, ఇవన్నీ "నాకు ఇబ్బందిగా ఉంది" అని చెప్పే పద్ధతులు. ఒక్కటి కనిపిస్తే రాసుకోవాలి, రెండు మూడు కలిసి కనిపిస్తే ఆపాలి. అన్నిటికన్నా ప్రమాదం కదలకుండా బిగుసుకుపోవడం. కొత్తవాళ్లు దాన్నే "ఎంత బుద్ధిగా ఉందో చూడండి" అంటారు. గుర్రుమనడానికి ముందు మెట్టు చాలాసార్లు అదే.

గుర్రుమన్న కుక్కను కొట్టొద్దని, తిట్టొద్దని ఇప్పుడే చెప్పేయండి. గుర్రుమనడం హెచ్చరిక, దాన్ని కొట్టి మాన్పిస్తే ఈసారి హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

వీడియోల తర్వాత బయటికి తీసుకెళ్లండి. పొద్దున్నే టీ కొట్టు దగ్గర, చికెన్ సెంటర్ దగ్గర ఊరకుక్కలు ఎట్లా ఉంటాయో దూరం నుంచి, ముట్టుకోకుండా, పిలవకుండా చూసి రాయించండి: ఏది దేనికి దారి ఇచ్చింది, ఏది మొహం తిప్పుకుంది, పిల్లలు పరుగెత్తినప్పుడు ఏది లేచింది. పుస్తకంలో బొమ్మల కన్నా ఇక్కడ పదింతలు దొరుకుతుంది, ఖర్చు రెండు చాయల డబ్బులు.

ఆ తర్వాత ఆపే ప్రాక్టీసు. గదిలో పెద్ద బొమ్మకుక్కను పెట్టండి. ఒకరు పిల్లవాడిలా నటించాలి, ఇంకొకరు థెరపిస్ట్, మూడో మనిషి హ్యాండ్లర్. ట్రైనర్ చేతిలో చీటీలుంటాయి, వాటి మీద "కుక్క ఆవలించింది", "పిల్లవాడు మెడ చుట్టూ చేతులేసి వాటేసుకున్నాడు", "కుక్క బిగుసుకుంది" అని రాసి ఉంటుంది. మధ్యమధ్యలో ఒక చీటీ హ్యాండ్లర్‌కు మాత్రమే చూపిస్తారు. హ్యాండ్లర్ "ఇగ చాలు" అనాలి. ఆ మాట వినగానే థెరపిస్ట్ ఎందుకని అడగకూడదు, ఒక్క నిమిషం అనకూడదు, కారణాలు తర్వాత. పిల్లవాడికి బెదురు కలగకుండా ముగించే పద్ధతి కూడా ముందే ఉండాలి: "టైగర్‌కు నీళ్లు తాగే టైం అయింది, టాటా చెప్దాం" అనేసి హ్యాండ్లర్ కుక్కను తీసుకుని రెండో తలుపు నుంచి వెళ్లిపోవాలి, థెరపిస్ట్ అప్పటికే సిద్ధంగా పెట్టుకున్న వేరే పని, పూసలు గుచ్చడమో బంతాటో, మొదలుపెట్టాలి.

మన దగ్గర దీనికి అడ్డం వచ్చేది హోదా. ఆయా "ఇగ చాలు" అంటే ఫిజియో సారు ఆపాలి, అంతకు మించి మాట లేదు. చాలామందికి నోరు రాదు. "సార్ చేస్తుంటే నేనెట్ల ఆపాలె మేడం" అని నేరుగానే అంటారు. అందుకే రోల్‌ప్లేలో కావాలనే తలకిందులు చేయండి, ప్రిన్సిపాల్‌ను పిల్లవాడి పాత్రలో పెట్టి ఆయా చేత ఆపించండి, పది మంది ముందు. మొదటిసారి నవ్వులాటగా ఉంటుంది, నాలుగోసారికి గొంతు గట్టిపడుతుంది. ఆపినందుకు ఎవరినీ తప్పుపట్టనని సంస్థ పెద్ద అందరి ముందు చెప్పాలి, ఆ మాట రాసి గోడకు అంటించినా తప్పులేదు. అనవసరంగా ఆపితే నష్టం పది నిమిషాల సెషన్. ఆపాల్సినప్పుడు ఆపకపోతే ఒక పిల్లవాడి మొహం మీద కుట్లు పడతాయి.

ఏ జంతువు

కుక్క ఒక్కటే దారి కాదు. కుందేళ్లు, గినీ పిగ్స్ (కుందేలు కన్నా చిన్నగా, తోక లేకుండా ఉండే పెంపుడు జంతువులు), పిల్లి, కోళ్లు, మేక, ఇవన్నీ వాడొచ్చు. ఆస్ట్రేలియాలో ప్రైమరీ స్కూలు క్లాసుల్లో ఆటిజం ఉన్న పిల్లలను గమనించి 2013లో వేసిన అధ్యయనంలో, బొమ్మలతో ఉన్నప్పటి కన్నా గినీ పిగ్స్ ఉన్నప్పుడు ఆ పిల్లలు తోటివాళ్లతో ఎక్కువ మాట్లాడారు, మొహాల వైపు ఎక్కువ చూశారు, ఎక్కువ నవ్వారు అని తేలింది. చిన్న క్లాసుకు, తక్కువ జాగాకు గినీ పిగ్స్ బాగుంటాయి, కాకపోతే ఎండను అస్సలు తట్టుకోలేవు, కింద పడేస్తే ఎముకలు విరుగుతాయి. అందుకని చేతికి ఇవ్వకుండా బల్ల మీద ట్రేలో పెట్టి కొత్తిమీర తినిపించే పద్ధతి మేలు.

కుక్కైతే జాతి కన్నా స్వభావం చూడండి. ఇంట్లో పెరిగిన దేశీ కుక్క మన ఎండకు లాబ్రడార్ కన్నా నయం. కానీ గేటు దగ్గర కాపలా కాసే కుక్కను, నిన్నటి దాకా రోడ్డు మీద ఉన్న కుక్కను జాలితో తెచ్చి పిల్లల ముందు పెట్టొద్దు. అమెరికాలో పెట్ పార్ట్‌నర్స్ అనే సంస్థ తన జట్లకు పెట్టుకున్న నియమాలు మనకూ పనికొస్తాయి: కుక్కకు కనీసం ఏడాది వయసుండాలి, రోజుకు రెండు గంటలకు మించి పని వద్దు, పచ్చి మాంసం తినే జంతువు వద్దు. ఎంచుకునేటప్పుడు స్టీలు గిన్నె కింద పడేసి చూడండి, కర్ర పట్టుకుని కుంటుతూ నడిచే మనిషిని, వీల్‌చైర్‌ను పక్కనుంచి పోనిచ్చి చూడండి. ఉలిక్కిపడటం తప్పు కాదు, ఉలిక్కిపడ్డాక ఎంతసేపట్లో మామూలు అవుతుందో అది ముఖ్యం. కొత్త మనిషి దగ్గరికి తనంతట తాను వెళ్లే కుక్క కావాలి, లాగితే వెళ్లేది వద్దు.

మేకపిల్లలు మన దగ్గర తేలిగ్గా దొరుకుతాయి, పిల్లలకు పరిచయం కూడా. ఒక్కటి మాత్రం గట్టిగా అడిగి తెలుసుకోండి: అది ఎల్లమ్మకో, సమ్మక్క సారలమ్మకో మొక్కుకున్నదా అని. నాలుగు నెలలు ఒక పిల్లవాడు ఆకు తినిపించి, పేరు పెట్టి, ఆ పేరుతోనే మాటలు నేర్చుకున్నాక దాన్ని మేడారం తీసుకెళ్తే మీరు చేసిన పనంతా ఒక్కరోజులో పోతుంది. మొక్కు వాళ్ల నమ్మకం, దాన్ని మనం కాదనలేం, కాబట్టి మొక్కు లేని మేకను సంస్థ పేరు మీదే కొనండి.

రామచిలుకను పెట్టొద్దు. నక్షత్ర తాబేలు అసలే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని పెంచడం నేరం, ఎవరో దయతో ఇచ్చారన్నా కుదరదు. దసరాకు పంజరంలో తెచ్చే పాలపిట్ట సంగతీ అంతే, అది మన రాష్ట్ర పక్షి అయినంత మాత్రాన పట్టుకోవచ్చని కాదు. కోతుల గురించి వరంగల్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదనుకుంటా. పైన చెప్పిన శ్వేతపత్రం కూడా ఇంటి జంతువులే తప్ప అడవి జంతువులు వద్దంటుంది.

టీకాలు, నట్టల మందు, సబ్బు

ఈ క్లాసు వెటర్నరీ డాక్టర్ చేతనే చెప్పించండి. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, జగిత్యాల వైపు వాళ్లకు కోరుట్లలో ఉంది, లేదంటే మీ మండల పశువైద్యశాల డాక్టర్‌ను అడగండి. రేబిస్ టీకా కుక్కపిల్లకు మూడు నెలల వయసులో మొదలై, డాక్టర్ చెప్పిన బూస్టర్ తర్వాత ఏటా తప్పకుండా పడాలి. జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు. మిగతా టీకాలు, నట్టల మందు, పిడుదుల మందు, తామర గజ్జి లేవని పరీక్ష, అన్నీ ఒక పుస్తకంలో తేదీలతో ఉండాలి. ఆ పుస్తకం ఇంట్లో బీరువాలో ఉంటే ఉపయోగం లేదు, సెషన్ జరిగే గదిలో ఉండాలి. మేకలైతే వాటి నుంచి మనుషులకు సోకే బ్రూసెల్లోసిస్ జబ్బు పరీక్ష గురించి విడిగా అడగండి.

జంతువుతో రోజూ పనిచేసే స్టాఫ్ ముందుగానే రేబిస్ టీకాలు వేయించుకోవడం గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. ఇక గీత పడినా, పన్ను తగిలినా ఏం చేయాలో డ్రిల్ చేయించండి, నోటితో చెబితే సరిపోదు. పంపు తిప్పి, పారే నీళ్ల కింద, సబ్బుతో, పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగాలి. పదిహేను నిమిషాలు ఎంత పొడుగో చేసి చూస్తే గానీ తెలియదు. కారం, సున్నం, పసుపు ఏదీ పెట్టొద్దు. అదేరోజు పీహెచ్‌సీకో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో తీసుకెళ్లాలి. మన ప్రభుత్వ దవాఖానల్లో చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో పడుతుంది, చర్మం చీరి రక్తం వచ్చేలా గాయమైతే దాంతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు. "మన కుక్కే కదా, టీకాలున్నాయి కదా" అని మీరు తేల్చకండి, డాక్టర్ తేల్చాలి. గాయం ఎంత చిన్నదైనా తల్లిదండ్రులకు అదే గంటలో చెప్పాలి.

ఉబ్బసం, అలర్జీ, మానని పుండ్లు, కీమో లాంటి చికిత్సతో ఒంట్లో నిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉంటే డాక్టర్ రాతపూర్వకంగా సరే అన్నాకే. పెద్దవాళ్ల చర్మం పల్చబడి ఉంటుంది, రక్తం పల్చబరిచే మందులు వాడేవాళ్లకు చిన్న గీతకే రక్తం ఆగదు, కాబట్టి ముందురోజే గోళ్లు తీయాలి. నడిచే తాత కాళ్ల కింద కుక్క అడ్డం రావడం కూడా ప్రమాదమే, కాబట్టి ముందు తాతను కుర్చీలో కూర్చోబెట్టాకే కుక్క గదిలోకి రావాలి.

లక్ష్యం రాయడం

"పిల్లవాడు హుషారుగా ఉండాలి" అనేది లక్ష్యం కాదు, ఎవరూ కొలవలేరు. "నెల చివరికి, అడగకుండానే, పది నిమిషాల్లో మూడుసార్లు టైగర్‌ను 'రా' అని పిలవాలి" అని రాస్తే కొలవొచ్చు. ట్రైనింగ్‌లో ప్రతి ఒక్కరూ తమ దగ్గరున్న పిల్లల్లో ఒకరిని తీసుకుని ఇట్లాంటివి రాయాలి, మీరు ఎర్ర పెన్నుతో దిద్దాలి. ఐఈపీలో (ఒక్కో పిల్లవాడికి విడిగా రాసుకునే చదువు ప్రణాళికలో) అప్పటికే ఉన్న లక్ష్యం నుంచే రావాలి, కుక్క వచ్చింది కదా అని కొత్త లక్ష్యం పుట్టించొద్దు.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాపకు కుడిచేత్తో బ్రష్ పట్టుకుని కుక్క వీపు దువ్వడం వ్యాయామం అవుతుంది, అదే చేత్తో టిఫిన్ డబ్బా మూత తీసి చెంచాతో గింజలు గిన్నెలో వేయడం ఇంకొకటి. నడక నేర్చుకునే పిల్లవాడికి లీష్ (కుక్కకు కట్టే తాడు) పట్టుకుని పది అడుగులు, కానీ కుక్కకు ఎప్పుడూ రెండు లీష్‌లుండాలి, అసలుది హ్యాండ్లర్ చేతిలో. పక్షవాతం వచ్చిన తాతకు బంతి విసరడం. మతిమరుపు ముదిరిన అవ్వ చిన్నప్పటి తన బర్రె పేరు చెప్పడం మొదలుపెడితే ఆ మాటల్ని రాసుకోండి, అదే ఆమె సెషన్.

చదవడం దగ్గర తడబడే పిల్లలకు కుక్కకు చదివి వినిపించే పద్ధతి 1999లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో మొదలైంది. కుక్క తప్పులు దిద్దదు, నవ్వదు, పక్క పిల్లవాడితో పోల్చదు. మన ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి పిల్లవాడు వాచకం పట్టుకుని నలభై మంది ముందు నిలబడి వణికే బదులు ఒక మూల చాప మీద కుక్క పక్కన కూర్చుని చదవడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. పక్కన కూర్చున్న టీచర్ మాత్రం ఊరుకోకూడదు, "ఈ మాట టైగర్‌కు అర్థం కాలేదట, ఇంకోసారి చెప్తావా" అని అనగలగాలి. ఆ ఒక్క వాక్యం ఎప్పుడు వాడాలో నేర్పడమే ఈ పద్ధతిలో సగం ట్రైనింగ్.

జంతువు రాకముందు అదే లక్ష్యం మీద కనీసం మూడు సెషన్లు మామూలుగా చేసి లెక్క రాసుకోవాలి. లేకపోతే తర్వాత వచ్చిన మార్పు దేనివల్లో చెప్పలేరు. రెండు నెలల తర్వాత తేడా లేకపోతే ఆ పిల్లవాడికి ఇది మానేసి వేరే దారి చూడండి. ఆటిజం నయమవుతుందని, మాటలు వచ్చేస్తాయని ఎవరికీ మాట ఇవ్వొద్దు, ఆ మాట ఇచ్చేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

గది, ఎండ, డీజే

పదిహేను ఇరవై నిమిషాలు చాలు. రెండు తలుపులున్న గది, జారని నేల లేదా చాప, నీళ్ల గిన్నె, కుక్క తనంతట తాను వెళ్లి పడుకోగలిగిన ఒక మూల. ఆ మూలకు వెళ్లిన కుక్కను ఎవరూ పిలవరాదు, అదే దానికి సెలవు అడిగే పద్ధతి. మేలో రామగుండం వైపు 45 డిగ్రీలు దాటే రోజుల్లో సెషన్ పొద్దున తొమ్మిదిలోపే అయిపోవాలి, లేదంటే ఆ నెల సెలవు. రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఐదు సెకన్లు పెట్టలేకపోతే కుక్క కాళ్లు కూడా ఆగలేవు. బోనాల డప్పులు, పెళ్లి బరాత్ డీజేలు, దీపావళి పటాకులు ఉన్న రోజు, ఆ మర్నాడు కూడా, క్యాలెండర్‌లో ముందే కొట్టేయండి. ఫిట్స్ వచ్చే పిల్లలున్న చోట ఒక నియమం: ఫిట్స్ మొదలైతే హ్యాండ్లర్ చూడాల్సింది కుక్కను బయటికి తీసుకెళ్లడం ఒక్కటే, పిల్లవాడిని మిగతావాళ్లు చూస్తారు.

తల్లిదండ్రులతో మాట్లాడటం

2023 మేలో కాజీపేటలో వీధికుక్కల దాడిలో ఒక పిల్లవాడు చనిపోయాడు. ఆ సంగతి ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. "మావోన్ని కరుస్తదేమో మేడం" అని ఒక తల్లి అంటే "ఏం కాదమ్మా, ఇది మంచి కుక్క" అనే జవాబు పనికిరాదు. టీకా పుస్తకం చూపించాలి, ఇద్దరు మనుషులు ఉంటారని చెప్పాలి, మొదటి రెండుసార్లు ఆమెను గదిలోనే కూర్చోబెట్టుకోవాలి, వద్దంటే వద్దనే ఒప్పుకోవాలి. వద్దన్న పిల్లవాడికి ఆ టైంలో అంతే మంచి సెషన్ వేరే పద్ధతిలో ఉండాలి, మూల కూర్చోబెట్టరాదు. కొన్ని ముస్లిం కుటుంబాల్లో కుక్క లాలాజలం తగలడం ఇష్టపడరు, కొన్ని ఇళ్లల్లో మడి ఆచారం ఉంటుంది. చర్చ పెట్టకుండా, కుందేలైతే సరేనా అని అడగండి.

అనుమతి పత్రం తెలుగులో ఉండాలి, కావాల్సినవాళ్లకు ఉర్దూలో కూడా. చదివి వినిపించి, ప్రశ్నలడిగే టైం ఇచ్చి, అప్పుడు సంతకం. ఫొటోలకు, వీడియోలకు వేరే సంతకం. స్టాఫ్ సొంత వాట్సాప్ స్టేటస్‌లో పిల్లల వీడియో పెట్టడం పూర్తిగా బంద్, దీని మీద మాత్రం మొహమాటం పెట్టుకోకండి.

పాసయ్యారని ఎప్పుడనాలి

రాత పరీక్ష పెట్టొచ్చు గానీ దాని మీద ఆధారపడొద్దు. ట్రైనర్ గది మూలన నోరు మూసుకుని కూర్చోవాలి, జంట తమంతట తాము సెషన్లు చేయాలి. చూడాల్సింది ఎంత బాగా చేశారన్నది కొంత, ఎప్పుడు ఆపారన్నది ఎక్కువ. ఒక్కసారైనా సొంత నిర్ణయంతో, ట్రైనర్ వైపు చూడకుండా ఆపిన జంటకే సంతకం పెట్టండి. అన్ని సెషన్లూ చివరి దాకా చక్కగా నడిపామని చెప్పే జంట రికార్డును ఇంకొకసారి వీడియో పెట్టి చూడండి, ఆవలింతలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి.

ఆర్నెల్లకోసారి మళ్లీ కూర్చోబెట్టి వీడియోల క్లాసు చేయించండి, ఏడాదికోసారి జంతువును డాక్టర్ చేత, ట్రైనర్ చేత మళ్లీ చూపించండి. గది గుమ్మం దగ్గర ఆగిపోయే కుక్క, లీష్ తీయగానే మంచం కిందికి పోయే కుక్క రిటైర్మెంట్ అడుగుతోందని అర్థం. దాని తిండి, మందుల ఖర్చు ఆ తర్వాత కూడా సంస్థే భరించేట్టు మొదటి బడ్జెట్‌లోనే ఒక వరస రాసి పెట్టుకోండి.

సర్టిఫికెట్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెబుతున్నా. ఆర్‌సీఐ రిజిస్టర్ చేసే వృత్తుల్లో జంతు థెరపిస్ట్ అనే విభాగం లేదు, రెండు రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్ల మాటలు పట్టించుకోకండి. మీరిచ్చే కాగితం మీద మనిషి అసలు వృత్తి, ఏ జంతువుతో పనిచేశారో దాని పేరు, జంటలో రెండో మనిషి పేరు, చెల్లే గడువు ఏడాది అని స్పష్టంగా రాయండి. జంటలో ఒకరు ఉద్యోగం మానేసినా, జంతువు మారినా ఆ కాగితం చెల్లదని కిందే ఒక లైను అచ్చు వేయించండి.